కొత్త టెనర్ సాక్సఫోన్ గురించి మా అన్నదమ్ముల మాట



మనమందరం తలా కొంత వేసి కొన్న టెనర్ సాక్సఫోన్ ఎట్లా ఉంది, పెట్టిన డబ్బుకు తగినదేనా అని రోజూ ఎవరో ఒకరు అడుగుతానే ఉన్నారు. ఒక్కొక్కరికీ ఫోన్లో ఒక్కో ముక్క చెప్పేదానికంటే అంతా ఒకచోట రాసేస్తే మేలని కూర్చున్నాం. కొంచెం పొడుగే అవుతుంది. ఓపిక ఉన్నవాళ్ళు కాఫీ తాగుతా చదవండి. తీరిక లేనివాళ్ళు చివర్లో వాద్యం ఎవరి చేతికి పోవాలనే భాగం చదివితే చాలు. అందరూ కలిసి తేల్చవలసిన విషయం అక్కడే ఉంది.

మేము అంటే అన్నదమ్ములం ఇద్దరం. పెద్దవాడు రైల్వేలో గుమాస్తాగా ముప్పై తొమ్మిదేళ్ళు చేసి 2018లో రిటైరు అయినాడు. చిన్నవాడు కోచ్ ఫ్యాక్టరీలో ఫిట్టరు, 2021లో బయటికొచ్చినాడు. రాసే చెయ్యి పెద్దవాడిది, మాట ఇద్దరిదీ. మా తాత నెల్లూరు పక్కనుంచి ఎం అండ్ ఎస్ ఎం రైల్వే కాలంలో పెరంబూరు వర్క్‌షాపు పనికి వచ్చినాడు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో తమిళం. ఎస్‌ఎస్‌ఎల్‌సి దాకా మేము చదివింది తమిళంలోనే. తెలుగు అక్షరం దిద్దింది అరవై దాటినాక, మన సంఘం ఆదివారం తరగతిలో. ఈ సంగతి ఎందుకు చెప్తున్నామో ముందుకు పోతే తెలుస్తుంది. సాక్సఫోన్‌కీ అక్షరాలకీ మేము కూడా ఊహించనంత సంబంధం కనపడింది.

మేము వాద్యం నేర్చుకున్నది రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో. ఆ రోజుల్లో పెరంబూరులో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు దండిగా ఉండేవి. క్రిస్మస్‌కి, కొత్త సంవత్సరానికి ఇన్‌స్టిట్యూట్ హాల్లో డాన్సు జరిగేది, దానికి బ్యాండు ఉండేది. ఆ బ్యాండులో టెనర్ వాయించే ఆయన మెయిల్ డ్రైవరు. మేము ఆయన్ని మాస్టరు అనే పిలిచేవాళ్ళం. డ్యూటీ లేని సాయంత్రాలు మమ్మల్ని కూర్చోబెట్టి నేర్పినాడు. 1983లో ఆయన కుటుంబంతో ఆస్ట్రేలియాకి పోతా తన టెనర్‌ని మాకు అమ్మినాడు. చెకోస్లొవేకియాలో చేసిన వాద్యం. మా ఇద్దరి జీతాల్లోంచి నెలనెలా కట్టి ఏడాదిలో తీర్చినాం.

ఒక వాద్యం, ఇద్దరు మనుషులు. ఒక కచేరీలో అన్న టెనర్, తమ్ముడు క్లారినెట్. తర్వాతి దాంట్లో మార్చుకునేవాళ్ళం. శ్రీరామనవమి పందిళ్ళు, పెళ్ళి రిసెప్షన్లు, ఇన్‌స్టిట్యూట్ డాన్సులు, మన సంఘం ఉగాది, అన్నిటికీ నలభై ఏళ్ళు అదే టెనర్. కాబట్టి కొత్తదాని గురించి మేము చెప్పేదంతా పాతదాని పక్కన పెట్టి చూసి చెప్పేదే.

టెనర్ అంటే ఏమిటో ముందు చెప్పాలి. మన సభ్యుల్లో చాలామంది సాక్సఫోన్ అనగానే కద్రి గోపాల్‌నాథ్ గారిని తలుచుకుంటారు. తలుచుకోవలసిన మనిషే. నాగస్వర విద్వాంసుడి కొడుకు, మైసూరు ప్యాలెస్ బ్యాండులో ఈ వాద్యం విని మనసు పడి, కర్ణాటక సంగీతాన్ని దీనిమీద నిలబెట్టినాడు. 1994లో ‘డ్యూయెట్’ సినిమా వచ్చినాక మద్రాసులో చిన్నపిల్లలకి కూడా సాక్సఫోన్ అంటే తెలిసిపోయింది. 2004లో పద్మశ్రీ వచ్చింది, 2019లో కాలం చేసినారు. అయితే ఆయన వాయించింది ఆల్టో. మనం కొన్నది టెనర్, దానికి పెద్దన్న లాంటిది. గొట్టం పొడుగు, నోరు పెద్దది, శబ్దం మందరం. ఆల్టో ఎత్తున పలుకుతుంది, టెనర్ పలికేది మగగొంతు తిరిగే చోట. మెడ దగ్గర వంపు చూస్తేనే తెలిసిపోతుంది. ఆల్టో మెడ ఒకే మలుపు తిరిగి నోటికి వస్తుంది, టెనర్ మెడ పాము పడగ మాదిరి లేచి వంగుతుంది.

బెల్జియం దేశస్థుడు అడాల్ఫ్ సాక్స్ దీనికి పారిస్‌లో పేటెంటు తీసుకున్నది 1846లో. ఒళ్ళంతా ఇత్తడే అయినా దీన్ని ట్రంపెట్ జాతిలో చేర్చరు. క్లారినెట్ మాదిరి గడ్డికాడ రీడు అదిరితేనే పలుకుతుంది కాబట్టి వెదురు, కొయ్య వాద్యాల పక్కనే దీనికి చోటు. మన నాగస్వరం సీవాళి కూడా గడ్డి జాతిదే కదా. ఆ విధంగా చూస్తే దూరపు చుట్టమే.

ఇక కొత్తదాని సంగతి. ఇది తైవాన్‌లో చేసింది. అక్కడ హౌలీ అనే ఊరు సాక్సఫోన్ల తయారీకే పేరు పడింది. కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. మేము మంచీ చెడూ రెండూ చెప్పబోతున్నాం, ఒక వాద్యం చూసి ఒక కంపెనీకి పేరు పెట్టడం న్యాయం కాదు.

చేతికి తీసుకోగానే తెలిసేది బరువు. మూడు కిలోలకు పైనే ఉంది. పాతదీ తక్కువేమీ కాదు, కానీ దాని బరువు మా మెడకు అలవాటైపోయింది. కొత్తదానితో వచ్చిన మెడ పట్టీ సన్నది, అరగంటకే కోసుకుపోయినట్టు ఉంది. దాన్ని పక్కన పెట్టి రెండు భుజాలమీదా పడే పట్టీ కొన్నాం. అరవై దాటినవాళ్ళకీ చిన్నపిల్లలకీ అదే మంచిది. కుడి బొటనవేలు ఆనించే కొక్కెం జరుపుకునేట్టు ఉంది. పాతదానికి ఆ వసతి లేదు. చిన్నవాడు స్క్రూ తిప్పి తన చేతికి ఒక గీత, పెద్దవాడి చేతికి ఒక గీత పెన్సిలుతో గుర్తు పెట్టినాడు. ఫిట్టరు బుద్ధి ఎక్కడికి పోతుంది.

కీలు అనేవాటిని మేము మీటలు అంటాం. మీటల అమరిక చాలా హాయిగా ఉంది. పాతదానిలో ఎడమ చిటికెన వేలితో నొక్కే మందర స్వరాల మీటలు గట్టిగా ఉండేవి. వాటిని నొక్కాలంటే చెయ్యంతా ఒక పక్కకి వాలేది. 1954లో పారిస్ సెల్మర్ కంపెనీ మార్క్ సిక్స్ అనే మోడల్ తెచ్చినప్పటినుంచి ఆ అమరికే మెల్లగా లోకమంతా పాకింది. కొత్తది ఆ దారిలోనే ఉంది. చిటికెన వేలు ఒక మీటమీదనుంచి ఇంకోదానిమీదకి జారిపోతుంది. పైన హెచ్చు స్థాయికి ఒక మీట ఎక్కువ ఉంది. అన్నీ కలిపితే రెండున్నర స్థాయిలకు కొంచెం పైనే పలుకుతుంది. మన పాటకు అంత అవసరం లేదు గానీ, ఉంటే చెడ్డదేమీ కాదు.

ఏ సాక్సఫోన్‌కైనా అసలు పరీక్ష అడుగు స్వరం. రంధ్రాలన్నీ మూసి ఊదితే వచ్చే స్వరం అది. ఎక్కడైనా ఒక ప్యాడు వెంట్రుకంత సరిగా కూర్చోకపోయినా గాలి కారిపోయి ఆ స్వరం గరగరలాడుతుంది, లేదా ఒక స్థాయి పైకి ఎగిరిపోతుంది. పాతదానిలో అది పలకాలంటే పొట్టలోంచి తోసేవాళ్ళం. కొత్తదానిలో మెల్లగా ఊదినా పలికింది. చిన్నవాడు నమ్మలేక గది చీకటి చేసి, గొట్టంలోకి చిన్న లైటు దించి ప్యాడు ప్యాడుకీ చూసినాడు. ఒక్కచోట మాత్రం సన్నటి వెలుగు కనిపించింది. దాన్ని ఒక పూటలో సర్దినాడు.

గాలి కారకపోతే ఊపిరి మిగులుతుంది. ఇది మా వయసుకు పెద్ద మాట. విలంబ కాలంలో ఒక ఆది తాళం ఆవర్తనానికి పాతదానిమీద మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకోవలసి వచ్చేది. ఇప్పుడు ఒక్క ఊపిరిలో పోతోంది. మనకి వయసు తగ్గలేదు, వాద్యం ఊపిరిని దుబారా చేయడం మానింది, అంతే.

బాగాలేనివి కూడా చెప్పాలి. దానితో వచ్చిన మౌత్‌పీస్ మా నోటికి కుదరలేదు. నోరు సన్నం, శబ్దం సన్నం. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి అదే మేలు, తక్కువ గాలితో పలుకుతుంది. మేము మా పాత ఎబొనైట్ మౌత్‌పీస్ తగిలించుకున్నాం. పెద్దవాడికి పై వరస కట్టుడు పళ్ళు. మౌత్‌పీస్ మీద పై పళ్ళు ఆనాలి కాబట్టి అదురు తలలోకి ఎక్కుతుంది. దానిమీద రబ్బరు బిళ్ళ ఒకటి అంటించుకుంటే సరిపోయింది. జి షార్ప్ మీట ప్యాడు మద్రాసు తేమకి అంటుకుంటోంది. మీట నొక్కినా రంధ్రం తెరుచుకోదు. వాయించే ముందు ఒక పల్చటి కాగితం పెట్టి ఒత్తి తీస్తే పోతుంది. ఇది మన ఊరి గాలి గుణం, ఏ సాక్సఫోన్‌కైనా వచ్చేదే. పాతదానికీ ఉండేది.

ఇంకొకటి, శబ్దం బాగా వెలుతురుగా ఉంది. పాతది సాయంకాలం అయితే కొత్తది పది గంటల ఎండ. కొంతమందికి అదే నచ్చుతుంది. మాకు మొదటి నెల కొంచెం కళ్ళు చిట్లించుకున్నట్టు అయింది. రీడు మార్చి చూసినాం. రెండున్నర నంబరు తీసి మూడు పెట్టినాక కొంచెం మెత్తబడింది.

ఇప్పుడు స్వరం సంగతి. ఇక్కడ కొంచెం విద్య చెప్పాలి. ఈ టెనర్‌ని బి ఫ్లాట్ వాద్యం అంటారు. మనం ‘సి’ అని వేళ్ళు పెడితే పలికేది బి ఫ్లాట్, మన తమిళనాడు లెక్కలో ఆరున్నర కట్టై. కాబట్టి మగవాళ్ళు ఒకటో కట్టైలో పాడితే మేము ‘డి’ వేళ్ళు షడ్జం చేసుకుంటాం. మన ఆడవాళ్ళ భజన ఐదు కట్టైలో పోతుంది కాబట్టి దానికి ‘ఏ’ వేళ్ళు షడ్జం. ఇది నలభై ఏళ్ళుగా వేళ్ళలో ఉన్న లెక్క, కొత్తదానితో మారేది కాదు.

మారింది పెదవి. పాతదానిలో ఏ స్వరం ఎంత తప్పుతుందో మాకు తెలుసు. మధ్య స్థాయి ‘డి’ కొంచెం ఎక్కువ పలికేది, పెదవి వదులు చేసి దించేవాళ్ళం. పైన రెండు స్వరాలు తక్కువ పలికేవి, బిగించి ఎత్తేవాళ్ళం. ఆలోచించి చేసేది కాదు, చీకట్లో మన ఇంటి మెట్లు దిగినట్టు. కొత్తదానిలో మెట్లన్నీ ఒకే ఎత్తు. మొదటి వారం మా కాళ్ళు పాత ఎత్తులే వెతుక్కున్నాయి. మూడో వారానికి చెవి పెదవిని దారికి తెచ్చింది. అప్పుడు తెలిసింది, ఇన్నాళ్ళూ మా పెదవుల బలం సగం మరమ్మతుకే పోయిందని. ఆ బలం ఇప్పుడు గమకానికి మిగిలింది. మీటల వాద్యంలో స్వరానికీ స్వరానికీ మధ్య గోడ ఉంటుంది. ఆ గోడ దూకించేది పెదవీ, సగం తెరిచిన మీటా. టెనర్‌లో రీడు వెడల్పు కాబట్టి పెదవికి లొంగుతుంది. తోడి గాంధారం ఊపడానికి పాతదానిమీద పడిన పాటులో సగం ఇప్పుడు లేదు.

ఇంతవరకూ చెప్పింది ఏ వాద్యగాడైనా చెప్తాడు. మాకు ముఖ్యం అనిపించింది ఇంకొకటి.

మన పాటలు మాటలున్న పాటలు. త్యాగరాజస్వామి కృతి ఒకటి తీసుకుంటే, స్వరం ఒక్కటే వాయిస్తే వరస తెలుస్తుంది, కృతి తెలియదు. నాగస్వరం వాళ్ళు తుత్తుకారం అంటారు, నాలుకతో సీవాళిని తాకి తాకి అక్షరానికి అక్షరం విడదీయడం. సాక్సఫోన్‌లోనూ అదే పని, నాలుక కొన రీడును తాకాలి. గట్టిగా తాకితే ‘తు’ అన్నట్టు ఉంటుంది, మెత్తగా తాకితే ‘దు’ అన్నట్టు. తాకకుండా ఊదితే ముందు స్వరంలోంచి తర్వాతి దానికి సాగిపోతుంది.

మాస్టరు మాకు నేర్పింది డాన్సు పాటలు. వాటికి మాటల బాధ లేదు. కృతులు మేము అమ్మ పాడగా విని నేర్చుకున్నాం. మరిచిపోకుండా నోటుబుక్కులో సాహిత్యం తమిళ లిపిలో రాసుకున్నాం, వచ్చిన లిపి అదొక్కటే కదా. తమిళ లిపి ఆ భాషకు అందంగా సరిపోయిన లిపి, దాన్ని తక్కువ చేసి చెప్పడం లేదు. అందులో క, గ రెండిటికీ ఒకటే అక్షరం. త, ద రెండిటికీ ఒకటే, ప, బ రెండిటికీ ఒకటే. తమిళానికి అది చాలు, ఏది ఎక్కడ పలకాలో మాటే చెప్తుంది. తెలుగు మాట అందులో రాస్తే గాలి, కాలి ఒకటైపోతాయి. బలం, ఫలం ఒకటైపోతాయి. కొన్ని పుస్తకాల్లో అక్షరం పక్కన చిన్న అంకె వేసి గుర్తు పెడతారు, మేము అంత శ్రద్ధ పెట్టలేదు. ఆ నోటుబుక్కు చూసి వాయించిన నలభై ఏళ్ళూ మా నాలుక ప్రతి అక్షరానికీ ఒకటే దెబ్బ కొట్టింది. పాత టెనర్ కొంచెం ఆలస్యంగా పలికే రకం కాబట్టి గట్టి దెబ్బా మెత్తని దెబ్బా విన్నవాళ్ళకి ఒకటిగానే వినిపించేవి. ఎవరూ ఏమీ అనలేదు.

ఆదివారం తరగతిలో మన టీచరమ్మ క చ ట త ప పరుషాలు, గ జ డ ద బ సరళాలు అని చెప్పినప్పుడు మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. పరుషం అంటే గట్టి దెబ్బ, సరళం అంటే మెత్తని దెబ్బ. మన వ్యాకరణంలో వాద్యగాడికి పాఠం రాసి పెట్టి ఉంది! ఇంటికి పోయి నోటుబుక్కులోని కృతులన్నీ తెలుగులో తిరగరాసుకున్నాం. రెండు నెలలు పట్టింది. అయితే దాన్ని వాద్యంమీద వినిపించేంత చురుకు పాతదానిలో లేదు.

కొత్తదానిలో ఉంది. నాలుక తాకీ తాకగానే పలుకుతుంది. గట్టిగా తాకితే గట్టిగా, మెత్తగా తాకితే మెత్తగా. సాక్సఫోన్ మాట పలుకుతుందని మేము అనడం లేదు, అది ఎక్కడా జరగదు. పాట తెలిసినవాళ్ళ చెవికి ఆ మాట ఎట్లా నోట్లోంచి వస్తుందో అట్లా వినిపిస్తుంది, అంతే.

మా అమ్మకి ఎనభై ఎనిమిదేళ్ళు. చూపు తగ్గింది, చెవి బాగుంది. ఎన్నో ఏళ్ళుగా మా వాయిద్యం వింటా ఉంది, ఎప్పుడూ ఒకటే మాట, “బాగుండాది నాయనా.” కొత్త టెనర్ వచ్చిన రెండో నెలలో ఒకరోజు చిన్నవాడు హాల్లో ఒక కృతి వాయిస్తా ఉంటే అమ్మ లోపలినుంచి, “ఒరే, ఆడ ‘దయ’ అనాలరా, నువ్వు ‘తయ’ అంటా ఉండావు” అనింది. వాయించేది వాద్యం. అందులో మాట లేదు. అయినా ఆమెకి తెలిసింది. చిన్నవాడు అదే చోటు మెత్తగా తాకి మళ్ళీ వాయించినాడు. అమ్మ మాట్లాడలేదు, తను కూడా గొంతు కలిపింది. మా వాయిద్యానికి అమ్మ గొంతు కలపడం ఈ ఇంట్లో మేము ఎరిగి అదే మొదలు. అంతకుముందు విని మెచ్చుకునేది. ఇప్పుడు కలిసి పాడుతుంది.

కాబట్టి పెట్టిన డబ్బుకు ఇది తగినదేనా అంటే, తగినదే. మంచి వాద్యం. ముప్పై ఏళ్ళు బాగా చూసుకుంటే ముప్పై ఏళ్ళూ పలుకుతుంది.

ఇక ఇది ఎవరి చేతికి పోవాలి అనే సంగతి. సంఘంలో మూడు మాటలు వినిపిస్తున్నాయి.

మొదటిది, ఆర్కెస్ట్రాలకి అద్దెకిస్తే కొంత డబ్బు తిరిగొస్తుంది అని. మాకు ఇష్టం లేదు. వ్యాన్లో ఒకసారి మెడ గొట్టం వంగితే, ఒక మీట కడ్డీ వంగితే, వచ్చిన అద్దె దాని మరమ్మతుకే పోతుంది. పైగా ప్రతి రాత్రీ ఒక్కో నోరు, ఒక్కో చెయ్యి. వాద్యం ఎవరికీ అలవాటు పడదు.

రెండోది, పెద్దవాళ్ళు మీరే కదా, మీ దగ్గరే ఉంచుకోండి అని. ఈ మాట అన్నవాళ్ళ అభిమానానికి దండం. మాకు మా మాస్టరు టెనర్ ఉంది. కొత్తదాని ప్యాడ్లు చూసి నేర్చుకుని చిన్నవాడు పాతదానికి కూడా కొత్త ప్యాడ్లు వేయబోతున్నాడు. పెద్దవాడికి అరవై ఏడు నడుస్తోంది. ఇంకా ఎన్నేళ్ళు ఊదుతామో దేవుడికే తెలుసు. అందరి డబ్బుతో కొన్న కొత్త వాద్యం మా బీరువాలో ముసలిది కాకూడదు.

మూడోది, పిలకాయలకి ఇవ్వాలని. మా మాట కూడా అదే. ఐదుగురు పేర్లు ఇచ్చినారు, ముగ్గురు మగపిల్లలు, ఇద్దరు ఆడపిల్లలు. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె వారంలోనే అడుగు స్వరం పలికించింది. చేతులు చిన్నవి, కుర్చీలో కూర్చుని వాద్యాన్ని కుడి పక్కకి ఆనించుకుంటే ఇబ్బంది లేదు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. పిల్లలందరూ ఆదివారం తెలుగు తరగతికి రావాలి, సాహిత్యం తెలుగులో చదవడం వచ్చినాకే వాద్యం చేతికివ్వాలి అని పెద్దవాడు ఒక నిబంధన అనుకున్నాడు. ఒక పిల్లవాడి తండ్రి అడిగినాడు, “సార్, వాయించేదానికి అక్షరాలెందుకు? స్వరం చాలదా?” వాళ్ళింట్లో ఇప్పుడు తెలుగు తాతమ్మ ఒక్కతే మాట్లాడుతుంది. ఆయన అడిగిందాంట్లో అన్యాయం ఏమీ లేదు. దానికి మా జవాబు పైన రాసిందంతా. స్వరం చాలు అనుకుంటే సినిమా పాటకి చాలుతుంది. మన ముత్తాతలు మూటగట్టుకుని తెచ్చిన పాటకి చాలదు. వాద్యం మంచిదయ్యేకొద్దీ అక్షరం రానితనం ఎక్కువ వినిపిస్తుంది.

అయితే ఈ నిబంధనకి చిన్నవాడే అడ్డం చెప్పినాడు. “అన్నా, మనకి అక్షరాలు వచ్చినాకనా మాస్టరు వాద్యం ఇచ్చినాడు? ముందర నోట్లో గాలి నిలబడనీ. తాళం వేసిన బీరువా చూపించి అక్షరాలు దిద్దమంటే ఏ పిలకాయ వస్తాడు? వాద్యంమీద ఆశ పుడితే అక్షరం దానెంబడి వస్తుంది” అన్నాడు. మూడు రోజులు ఇంట్లో ఈ వాదనే. మా వదినా మరదళ్ళు భోజనాల దగ్గర ఈ మాట ఎత్తొద్దని చెప్పేదాకా పోయింది.

చివరికి ఇద్దరం ఒప్పుకున్నది ఇది. రెండూ ఒకేరోజు మొదలు పెట్టాలి. ఆదివారం పొద్దున పది గంటలకి టీచరమ్మ దగ్గర అరగంట అక్షరాలు, తర్వాత మా దగ్గర గంట వాద్యం. ఏ పాట నేర్పితే ఆ పాట సాహిత్యం ఆ అరగంటలోనే తెలుగులో రాసుకోవాలి. పలకలో ‘ద’ దిద్దిన పిల్ల పది నిమిషాలకి రీడుమీద ‘ద’ తాకాలి. ఎవరినీ బయట నిలబెట్టం. ఇంట్లో తెలుగు పోయిన పిల్లవాడు ముందు వరసలో కూర్చోవాలి, వాడికే ఇది ఎక్కువ అవసరం. వారంలో మిగతా రోజులు వాద్యం సంఘం గదిలోనే ఉంటుంది. వరస ప్రకారం సాయంత్రం వచ్చి సాధన చేసుకోవచ్చు. రీడు, మౌత్‌పీస్ మాత్రం ఎవరిది వాళ్ళే కొనుక్కోవాలి, నోటితో వాడేది కాబట్టి. ఆల్టో రీడు కొనకండి, టెనర్‌ది అని అడిగి రెండో నంబరు తీసుకోండి.

వాడేవాళ్ళు గుర్తు పెట్టుకోవలసినవి ఐదు. తిన్న వెంటనే వాయించకూడదు, నోరు పుక్కిలించాలి. వాయించినాక గొట్టంలో గుడ్డ లాగి తడి తుడవాలి. పెట్టెలో పెట్టేటప్పుడు మెడ గొట్టం విడదీయాలి. కిటికీ పక్క ఎండలో పెట్టకూడదు. ఇత్తడి మెరుపు కోసం చింతపండు, పీతాంబరి పౌడరు రుద్దొద్దు, పైన పూత పోతుంది. ఈ చివరిది మన ఇళ్ళల్లో ఆడవాళ్ళకి తప్పకుండా చెప్పండి. మా ఇంట్లో పాతదానికి జరిగేదే, సమయానికి చూసి ఆపినాం.

ఈ ఏర్పాటుమీద మీ అభిప్రాయం కింద రాయండి, లేదా వచ్చే సర్వసభ్య సమావేశంలో చెప్పండి. అభ్యంతరం ఉన్నవాళ్ళు మొహమాటపడొద్దు, ఇది అందరి సొత్తు. సమావేశం మొదలయ్యే ముందు పదిహేను నిమిషాలు కొత్త టెనర్ వాయిస్తాం. పాట పేరు ముందుగా చెప్పం. వినేటప్పుడు మాటలు మీకు తెలిస్తే పాడండి, తెలియకపోతే పక్కవాళ్ళని అడగండి.

ఇట్లు,
మీ అన్నదమ్ములం